కాయకు కట్టిన నీలం దారం

ఆ కాయ కొయ్యాలా వద్దా అన్న దగ్గర ఆగాం.

మా పెరటి మూల పేరు తెలియని పూలమొక్క ఒకటుంది. నా భుజం దాకా వచ్చే గుబురు. పువ్వు తెల్లన, గొంతు దగ్గర లేత ఊదా. తెల్లవారుతూ విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి రాలిపోతుంది. దగ్గరికి వెళ్ళి ముక్కు పెడితే వాసన ఉండదు. దూరంగా మన పని మనం చేసుకుంటుంటే వచ్చి తగులుతుంది. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మొక్క అది. ఇన్నేళ్ళూ పూసిందే గానీ ఒక్క కాయ కాయలేదు.

ఈ ఏడు మొదలుకి చెదలు పట్టి సగం డొల్లయింది. కొమ్మలు కోసి నాటాం, నల్లబడిపోయాయి. కొమ్మ వంచి మట్టిలో పూడ్చాం, కుళ్ళింది. అంటు కట్టాం, కట్టిన చోట ఎండింది. కాలేజీలో మొక్కల పాఠం చెప్పే టీచరమ్మ మా పక్క వీధిలోనే ఉంటుంది. ఆమె పుస్తకాలన్నీ తిరగేసి, కాయ చూస్తే గానీ దీని పేరు చెప్పలేనంది. ఇక వదులుకుందాం అనుకున్న వేళ, ఆకుల చాటున ఒక కాయ కనబడింది.

అప్పుడు టీచరమ్మ ఒక సంగతి చెప్పింది. పువ్వు మధ్యలో పుల్లలాంటిది ఉంటుంది, కీలం అంటారట. ఈ జాతిలో కొన్ని మొక్కల పువ్వులకి కీలం పొట్టి, కొన్నింటికి పొడుగు. మాది పొట్టిది. పొడుగుదాని పుప్పొడి వచ్చి పడితేనే ఇది కాస్తుంది. కాసిందంటే ఆ జోడీ మొక్క తేనెటీగ ఎగిరి రాగలిగినంత దూరంలోనే ఎక్కడో ఉంది.

ఆ మాట విని మా ఆవిడ అరుగు మీద కూలబడింది. జోడీ మొక్క ఎవరి దగ్గరుందో ఆవిడకు తెలుసు. చెల్లెలి దగ్గర. పుట్టిల్లు అమ్మిన రోజు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ జంటను విడదీసి చెరొకటి పట్టుకుపోయారు. ఆ రోజు వాళ్ళు అనుకున్న మాటలు నేను వినలేదు. ఆ తర్వాత మాటలే లేవు. చెల్లెలు ఏ ఊళ్ళో ఉందో, ఎలా ఉందో అప్పటిదాకా మాకు తెలియదు.

ఆ తర్వాత వారమంతా నేను షాపు మూసుకుని, టీచరమ్మ కాలేజీ అయ్యాక, చుట్టుపక్కల వీధులన్నీ తిరిగాం. గోడల మీంచి తొంగి చూశాం. ఒకావిడ నన్ను దొంగనుకుని చీపురు ఎత్తింది. తాళాలు బాగుచేసేవాణ్ణని చెప్పాను. అది విని ఇంకా గట్టిగా అరిచింది. మొక్క మాత్రం ఎక్కడా లేదు.

ఆ తిరుగుడు అయిపోయిన మర్నాడు టీచరమ్మ బ్లేడూ భూతద్దమూ పట్టుకుని వచ్చింది.

"ఒక్క గీత పిన్నిగారూ. కాయను అడ్డంగా కోస్తే లోపల గదులెన్ని ఉన్నాయో, గింజలు ఎలా అతుక్కున్నాయో తెలుస్తుంది. పేరు చెప్పేస్తాను."

"కోస్తే మొలుస్తుందా?"

"పచ్చికాయ కదండీ. మొలవదు."

"అయితే నీ పేరు నీ దగ్గరే ఉంచుకో తల్లీ."

"పేరు తెలిస్తే ఎలా పెంచాలో తెలుస్తుంది. ఈ జాతి ఇంకెక్కడైనా ఉంటే తెప్పించుకోవచ్చు కూడా."

"పిల్లవాడు తప్పిపోయాడని ఏడుస్తుంటే, బజార్లో అదే వయసు వాడొకడున్నాడు తెచ్చుకోమన్నట్టుంది." మా ఆవిడ అరుగు మీద నుంచి లేవకుండానే కర్ర నేలకేసి కొట్టింది. ఆవిడకు మోకాళ్ళు వంగవు. చెట్టు కింద దూరి కాయను చూడలేదు. నేను కొమ్మ పైకెత్తి పట్టుకుంటే అంత దూరం నుంచి పచ్చగా ఒక చుక్కలా చూసింది. అంతే. దానికే ఇంత కాపలా.

"మీరైనా చెప్పండి బాబాయిగారూ" అంది టీచరమ్మ.

నేనేం చెప్తాను? షాపుకి వచ్చినవాళ్ళు కూడా "ఈయన మాట్లాడతాడా అండీ" అని పక్క షాపులో అడిగి వస్తారు.

"పండనీ" అన్నాను.

"విన్నావా? నెలకొక్క మాట రాలుతుంది ఆ నోట్లోంచి. ఈ నెలది నా వాటాకి వచ్చింది" అంది మా ఆవిడ.

టీచరమ్మ నవ్వి బ్లేడు మడిచి సంచిలో పెట్టుకుంది. కాయ కోయకపోయినా భూతద్దంతో చూస్తానంది. చెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని కొమ్మ పైకెత్తింది. చాలాసేపు చూసింది.

"గుర్తుకి దారం కట్టి మంచి పని చేశారు బాబాయిగారూ. కాకపోతే మరీ బిగించారు. కాయ పెరుగుతుంటే తొడిమ నొక్కుకుపోతోంది. కాస్త వదులు చెయ్యనా?"

"నేను కట్టలేదు."

"మరి?"

"నువ్వు కట్టావనుకున్నా."

"నేనా? నేనైతే తేదీ వేసి చీటీ కడతాను. మొదటి రోజే చూశాను ఈ దారం. మీరే కట్టారనుకున్నాను."

నేనూ మొదటి రోజే చూశాను. చదువుకున్నవాళ్ళ పద్ధతి ఏదో అనుకుని ఊరుకున్నాను. ఆమె నా పద్ధతి అనుకుని ఊరుకుంది. ఇద్దరిలో ఒకరు నోరు తెరిచి అడిగుంటే వారం రోజులు గోడలు పట్టుకుని తిరిగేవాళ్ళం కాదు.

"ఏ దారం?" అంది మా ఆవిడ.

"నీలం దారం పిన్నిగారూ. రెండు చుట్లు చుట్టి ముడేసి, ఒక కొస పొడుగ్గా వదిలేశారు."

మా ఆవిడ లేచింది. కర్ర అక్కడే పడేసింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. వంగవనుకున్న మోకాళ్ళు వంగాయి. నేల మీద కూర్చుని, జరిగి జరిగి కొమ్మల కిందికి వెళ్ళింది. కాయను ముట్టుకోలేదు. వేలాడే దారం కొసను మాత్రం రెండు వేళ్ళతో పట్టుకుంది, పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు.

"పిచ్చిక" అంది.

మా వంక తిరిగి చెప్పింది.

"మా చెల్లెల్ని ఇంట్లో అలాగే పిలిచేవాళ్ళం. మా అమ్మ తేనెటీగల్ని నమ్మేది కాదు. వాటికి బుద్ధి పుడితే వస్తాయి, లేకపోతే లేదు అనేది. పొద్దున్నే పొడుగుదాని పువ్వు కోసి, రేకలు చీల్చి, ఆ పుప్పొడి పొట్టిదాని పువ్వులో అద్దేది. అద్దిన పువ్వు తొడిమకి దారం కట్టేది, ఎవరూ తెంపకూడదని. మా ఇద్దరికీ నేర్పింది. కాయ పండాక నాదంటే నాదని కొట్టుకుంటున్నామని దారాలు వేరు చేసింది. నాకు ఎరుపు, దానికి నీలం. నేను కొస కత్తిరించేసేదాన్ని. అది వదిలేసేది. కత్తిరించవే అంటే, తోక లేకుండా పిచ్చిక ఎట్లా ఎగురుతుందక్కా అనేది."

టీచరమ్మ మెల్లగా ఇంకో కొమ్మ ఎత్తింది. ఇంకోటి ఎత్తింది.

"ఇక్కడ కూడా ఉంది పిన్నిగారూ. ఇక్కడ కూడా. వీటికి కాయ నిలవలేదు. ఉత్త తొడిమలకి దారాలున్నాయి." వెనక్కి జరిగి కూర్చుంది. "నేను తేనెటీగ అన్నాను. తేనెటీగ కాదు. మనిషి. చాలాసార్లు వచ్చిన మనిషి."

"ఎక్కడి నుంచి?" అన్నాను.

"అది చెప్పలేను. తేనెటీగకైతే ఇంత దూరమని హద్దుంటుంది. మనిషికి లేదు కదా. తెల్లవారి పువ్వు కోసుకుని, ఎండ ముదరకముందు ఇక్కడికి చేరిందంటే మరీ దూరం మాత్రం కాదు."

మా ఆవిడ ఆ మాటలు వింటున్నట్టు లేదు. నేల తడుముతోంది.

"ఇక్కడ కూర్చుంది. నేను కూర్చున్న చోటే. మన వంటింటి తలుపు ఇక్కడికి కనబడుతోంది. నా చెప్పులు కూడా కనబడుంటాయి. తలుపు తట్టలేదు."

మేము చూడకపోవడానికి కారణం ఉంది. మా వీధి కుళాయికి నీళ్ళు తెల్లవారేటప్పుడే వస్తాయి. వీధంతా బిందెలతో ముందు వాకిట్లో ఉంటుంది. నేను పట్టుకొచ్చి పోస్తుంటే, మా ఆవిడ గడపలో కూర్చుని ఎవరు వరస తప్పారో తీర్పు చెబుతుంటుంది. ఆ గొడవలో పెరట్లో ఏనుగు వచ్చి వెళ్ళినా తెలియదు. ఆ సంగతి తెలిసిన మనిషెవరో ఆ వేళకే వచ్చి వెళ్ళింది.

మా ఆవిడ చూపు పెరటి తలుపు మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"ఆ తాళం ఎప్పుడు వేశారు?"

ఇక్కడ ఆ తలుపు సంగతి చెప్పాలి. దానికి మేము ఈ ఇంట్లో చేరిన నాటి నుంచి సరైన గడియ లేదు. తోస్తే తెరుచుకుంటుంది. ఊరందరి తాళాలూ ఈయన చేతిలో, మా పెరటి గడియ మాత్రం దేవుడి చేతిలో అని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నిజమే. పగలంతా గడియలతో వేగి, ఇంటికొచ్చి మళ్ళీ గడియ ముట్టుకోబుద్ధి కాదు. కానీ కాయ కనబడిన రోజు మేకలు దూరతాయని భయం వేసింది. షాపులో ఉన్న వాటిల్లో మంచి గడియ తెచ్చి మరలతో బిగించాను. లోపలి నుంచి ఇత్తడి తాళంకప్ప వేశాను. బయటి నుంచి ఎంత తోసినా కదలదు.

"కాయ కనబడిన రోజు" అన్నాను.

"ఇన్నేళ్ళకి ఒక్క గడియ బాగుచేశారు" అంది మా ఆవిడ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

తాళం తీశాను. తలుపు లాగాను. వెనక ఇరుకు సందు. ఎదుటి ఇళ్ళ వెనక గోడలు, ఒక పాత సైకిలు, ఆరేసిన దుప్పటి. మనిషి జాడ లేదు. నాకు ముందు ఏమీ కనబడలేదు. నా వెనకే వచ్చిన టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

తలుపు పక్క గోడకి ఒక ఇటుక ఊడి గూడులా ఉంటుంది. ఆ గూట్లో పువ్వులున్నాయి. ఒకటి గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడి అయ్యేట్టుంది. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. అన్నిటికీ ఇవతల పెట్టింది ఇంకా మెత్తగానే ఉంది, అంచులు మాత్రం ముడుచుకున్నాయి.

టీచరమ్మ ఆ మెత్తటి పువ్వు తీసి అరచేతిలో పెట్టుకుంది. సంచిలోంచి బ్లేడు తీసింది. కాయకని తెచ్చిన బ్లేడు. పువ్వును నిలువునా చీల్చి భూతద్దం కింద పెట్టి నాకు చూపించింది. అది చూడటానికి నాకు చదువు అక్కర్లేదు. మధ్యలో పుల్ల గొంతు దాటి పైకి నిక్కి ఉంది.

"పొడుగుది" అంది. "ఇది మీ చెట్టు పువ్వు కాదు బాబాయిగారూ."

తలుపు కదలక, ఆ వచ్చే మనిషి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ తెచ్చిన పువ్వును పారెయ్యలేక అక్కడ పెట్టింది.

మా ఆవిడ ఆ పువ్వుల్ని దోసిట్లో పోయించుకుంది. ఎండినవి పొడి అవుతుంటే వేళ్ళు దగ్గరికి చేర్చింది. "నేను వద్దన్నాననుకుంటోంది" అంది. "చెట్టుని చూసి పోతుంటే, అక్క చూసి తాళం వేయించింది అనుకుంటోంది. అది అట్లాగే అనుకుంటుంది. నేనైనా అట్లాగే అనుకునేదాన్ని."

"ఊడదీస్తాను" అన్నాను.

తాళంకప్ప ఒక్కటే కాదు, గడియ కూడా తీసేశాను. ఊడదీయడం నాకు చేతనైన పనే. తుప్పు పట్టిన బీరువాలు నా చేతిలో మాట విన్నాయి. కానీ ఆ నాలుగు మరలు విప్పడానికి చాలాసేపు పట్టింది. గట్టిగా బిగించాను మరి. నా పని నేను తిట్టుకుంటూ విప్పాను.

టీచరమ్మ కాయ తొడిమకి ఉన్న ముడి వదులు చెయ్యబోతే మా ఆవిడ వద్దంది. తనే చేసింది. ముడి విప్పలేదు, గోటితో చుట్లను సడలించింది. తోక అట్లాగే ఉంచింది. తర్వాత లోపలి నుంచి కుట్టుపని డబ్బా తెమ్మంది. ఎర్ర దారం కండె అడుగున ఉంది. తలుపు తియ్యగానే ఎదురుగా కనబడే కొమ్మ చూపించమంది. నేను వంచి పట్టుకున్నాను. ముడి రెండుసార్లు జారింది. టీచరమ్మ చెయ్యి చాపింది.

"ఇది నేనే కట్టాలి తల్లీ."

కట్టింది. కత్తెర అడగకుండా కూర్చుంది. నేను కత్తెర ఇచ్చాను. తీసుకుని, మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. ఎర్ర దారానికి కూడా తోక మిగిలింది.

"చూస్తే తెలుస్తుంది దానికి" అంది.

టీచరమ్మ వెళుతూ, రేపు రానంది. నేనుంటే బాగుండదులెండి అంది. పేరు మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. నేను ఊడదీసిన మరలకు నూనె రాస్తున్నాను, అవసరం లేకపోయినా. పువ్వులన్నీ రాలిపోయినా ఎక్కడి నుంచో ఆ వాసన వస్తోంది. మా ఆవిడ తలుపు వంకే చూస్తోంది.

"వస్తే ఏం మాట్లాడతావు?" అని అడిగాను.

నా వంక వింతగా చూసింది. నేను ఇట్లాంటివి అడిగే మనిషిని కాను.

"ముందు తిడతాను. లేత తొడిమకి అంత బిగించి కడతారటే అని."

"తర్వాత?"

"తర్వాత అది తిడుతుంది. నన్ను తిట్టడానికి దాని దగ్గర చాలా ఉంది." కర్ర దగ్గరికి లాక్కుంది. "తిట్టనీ. వింటాను. దాని గొంతు ఎట్లా ఉండేదో మర్చిపోయానండీ. మాటలు గుర్తున్నాయి. గొంతు గుర్తు రావడం లేదు."

నేను మరల డబ్బా మూత పెట్టాను.

మర్నాడు తెల్లవారుతూనే కుళాయి దగ్గర గొడవ మొదలైంది. మా బిందెలు వంటింట్లోనే ఉన్నాయి. "తాళాలాయన రాలేదేం? ఇవాళ తీర్పులు లేవా?" అని ఎవరో నవ్వడం వినబడింది. మేమిద్దరం వంటింటి తలుపు ఓరగా వేసి వెనక నిలబడ్డాం. మా ఆవిడ కూర్చోనంది. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక చేత్తో నా భుజం పట్టుకుంది.

చెట్టు మీద పువ్వులు విచ్చుకున్నాయి. ఎండ ఇంకా పెరట్లోకి రాలేదు.

పెరటి తలుపు కదిలింది.

ముందు కొంచెమే కదిలి ఆగింది. నిన్నటిదాకా కదలని తలుపు కదిలేసరికి అవతలి మనిషి కూడా ఆగిపోయినట్టుంది. తర్వాత మెల్లగా తెరుచుకుంది. ఒక ఆకారం లోపలికి వచ్చింది. చేతిలో చిన్న రేకు డబ్బా. ఎర్ర దారం కట్టిన కొమ్మ దగ్గరికి రాగానే నిలబడిపోయింది. మాకు వీపు పెట్టి, తల వంచి, ఆ దారాన్ని చూస్తోంది. కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంది.

నా భుజం మీద మా ఆవిడ గోళ్ళు దిగాయి. "అదే భుజం" అంది. "చిన్నప్పుడు గోడ మీంచి పడింది. అదే భుజం."

ఇక నేను పట్టుకునే లోపలే తలుపు తోసుకుని బయటికి వెళ్ళింది.

"పిచ్చికా!"

ఆ మనిషి తిరిగింది.

ముసలి మొహం కాదు. నుదురు మా ఆవిడదే, కళ్ళు మా ఆవిడవే, కానీ వయసు చూస్తే మా కడుపున పుట్టాల్సిన పిల్ల. బెదిరిపోయి ఒక అడుగు వెనక్కి వేసింది. భుజానికి సంచి తగిలించుకుంది. ఆ బరువుకే భుజం వాలింది. చేతి గాజుకి పిన్నీసుతో తగిలించిన నీలం దారం కండె వేలాడుతోంది.

"అమ్మని..." అంది. "అమ్మని అట్లా పిలిచేది మీరేనా?"

మా ఆవిడ తల ఊపింది. పిల్ల వెనక, తెరిచి ఉన్న తలుపు వంక చూసింది. ఇంకా ఎవరో రావాలన్నట్టు చూసింది. సందులో దుప్పటి ఒక్కటే ఊగుతోంది.

"అదేదీ?"

పిల్ల చేతిలోని డబ్బా వంక చూసుకుంది.

"ఉందా?" అంది మా ఆవిడ.

ఆ పిల్ల రేకు డబ్బా మూత తీసింది. అప్పుడే కోసిన పువ్వులు, తడి ఇంకా ఆరలేదు. రెండు చేతులతో ఎత్తి మా ఆవిడ ముందు పట్టుకుంది.

"చెట్టుంది పెద్దమ్మా" అంది.